నాలుగో వీల్ మోగలేదు

గౌడవెల్లిలో కుమ్మరి సిద్దమ్మ నోటికి జంకని మనిషి లేడు. ఒకసారి మేడ్చల్ బస్సు, చెయ్యెత్తినా ఆగకుండా ఆమె మీద దుమ్ము కొట్టి పోయింది. మరునాడు అదే వేళకు ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడి బస్సును ఆపింది. డ్రైవర్‌ను దించి, అతని ముందు మూడు తరాలనూ వెనక మూడు తరాలనూ కడిగి, బస్సెక్కకుండానే ఇంటికి తిరిగొచ్చింది. ఎక్కాల్సిన పనేమీ లేదట ఆ రోజు. తిట్టడానికే వెళ్లింది. "సిద్దమ్మ మాట పడదు, మాట దాచదు" అని ఊళ్లో అనుకునేవాళ్లు.

అందులో సగమే నిజం. మాట పడని మాట నిజం. దాచడం అంటారా, ఒక్క మాటను ఆమె పన్నెండేళ్లు దాచింది. ఊరందరి మీదా విరుచుకుపడే ఆ కోపంలో ముప్పాతిక వంతు ఆ ఒక్క మాటకు కాపలా కాయడానికే ఖర్చయ్యేదని నా లెక్క.

ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె అత్త శంకరమ్మ నేర్పిన మొదటి పని కుండ చేయడం కాదు, వినడం. కుండలు కాల్చే ఆవం దింపిన రోజు శంకరమ్మ ఒక్కో కుండను ఎడమ చేతి మీద నిలబెట్టుకుని కుడి చేతి వేళ్ల కణుపులతో తట్టేది. మంచి కుండ ఖంగుమంటుంది. పగులున్న కుండ, వెంట్రుక వాసి పగులైనా సరే, జలుబు చేసిన మనిషిలా బొంగురుగా పలుకుతుంది. అలా పలికిన కుండను పక్కన పెట్టడమంటూ ఆ ఇంట్లో లేదు. అక్కడికక్కడే నేలకేసి కొట్టాలి. పక్కన పెడితే రేపు మనసు తిరుగుతుంది, ఎవరికో ఒకరికి అంటగట్టబుద్ధవుతుంది అనేది శంకరమ్మ. మనిషి మీద ఎంత నమ్మకమో చూడండి. కానీ ఆమె నమ్మకమే నిజమైంది.

తొంభైనాలుగు ఎండాకాలంలో ఊళ్లో వినోద అనే అమ్మాయికి పెళ్లి కుదిరింది. శామీర్‌పేట అవతల లాల్‌గడి మలక్‌పేట సంబంధం, వరుడు బాలరాజు. మా వైపు పెళ్లికి కుమ్మరింటి నుంచి ఐరేని కుండలు రావాలి. పెళ్లివాళ్లు డప్పులతో వచ్చి, కుమ్మరింటి ముందు పసుపు కుంకుమలు పెట్టి, రంగులు వేసిన ఆ కుండలను నెత్తిన పెట్టుకుని పోతారు. పెళ్లింట్లో పెద్ద కుండ మీద చిన్న కుండ పేర్చి, పైన దీపం పెడతారు. ఆ కుండలకు రంగులు వేసేది కుమ్మరింటి ఆడవాళ్లే. ఆ ఏడు శంకరమ్మ కూతురి కాన్పుకని వెళ్లింది. పని మొత్తం ఇరవై ఎనిమిదేళ్ల సిద్దమ్మ మీద పడింది.

తెల్లవారితే డప్పులు వస్తాయనగా చూసుకుంటే, అడుగున పెట్టాల్సిన పెద్ద కుండ బొంగురుగా పలికింది. మెడ కింద నుంచి జానెడు పగులు. ఇంకో పెద్ద కుండ లేదు, మళ్లీ ఆవం పెట్టే వ్యవధి లేదు. పెళ్లివాళ్ల దగ్గరికి వెళ్లి "కుండ పగిలింది, పక్క ఊరి కుమ్మరింట్లో తెచ్చుకోండి" అనాలి. అంటే తలవంపు. సిద్దమ్మ ఆ తలవంపును మింగలేకపోయింది. లక్క కరిగించి పగుల్లోకి పోసింది. దాని మీద సున్నం, సున్నం మీద ఎర్రటి జాజు పట్టెలు, పట్టెల మధ్య పసుపు చుక్కలు వేసింది. అంత అందంగా ఆమె అంతకు ముందెప్పుడూ వేయలేదు. తప్పు చేసే చేతికి అంత పనితనం ఎక్కడి నుంచి వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు.

సరిగ్గా పెళ్లివాళ్లందరూ చూస్తుండగా ఆ పెద్ద కుండ విచ్చుకుంది. పైన ఉన్నవి దొర్లాయి, దీపం ఆరిపోయింది. ఒక్క క్షణం డప్పులు కూడా ఆగాయి. వరుడి తల్లి రాధమ్మ గొంతు తగ్గించకుండానే అన్నది: "పిల్ల అడుగు మంచిగ లేదు." ఆడవాళ్ల గుంపులో నిలబడి ఉన్న సిద్దమ్మ ఆ మాట విన్నది. నోరు తెరవబోయి మానుకున్నది. రేపు చెబుదామనుకున్నది. ఆ రేపు రానేలేదు.

ఇక ఆ ఇంట్లో ఏం జరిగినా వినోద ఖాతాలోకే పోయింది. బోరు ఎండితే వినోద అడుగు. బర్రె ఈనలేక చస్తే వినోద అడుగు. మామకు పక్షవాతం వస్తే పెళ్లినాటి కుండ మళ్లీ పగిలింది. పుట్టింటికి వచ్చినప్పుడు వినోద ఇవన్నీ చెప్పేది. సిద్దమ్మను ఊరి వరుసలో వదిన అని పిలిచేది, ఆమె దగ్గరే ఎక్కువ మనసు విప్పేది. ఒకసారి మేడ్చల్ అంగడిలో ఎదురుపడి నవ్వుతూనే, అది నా రాత వదినా, కుండనాడే తెలిసిపోయిందని అన్నది. ఆ రోజు సిద్దమ్మ ఇంటికొచ్చి, ఉప్పు తక్కువైందన్నందుకు మొగుడు గౌరయ్యను వీధిలో వాళ్లకు వినపడేలా తిట్టింది. గౌరయ్య పాపం నెమ్మదస్తుడు. కూరలో ఉప్పు గురించి కాదని అతనికి తెలిసింది. దేని గురించో తెలియలేదు.

కుండల కాలం పోయింది. ప్లాస్టిక్ బిందెలొచ్చాయి, ఫ్రిజ్‌లొచ్చాయి. శంకరమ్మ పోయింది. గౌరయ్య సైకిలెక్కి ఫ్యాక్టరీ గేటు కాపలాకు పోయాడు. రెండువేల మూడులో సిద్దమ్మ మేడ్చల్ హైవే పక్కన శేఖర్ అనే అతను పెట్టిన కార్ల అల్లాయ్ వీల్స్ బాగుచేసే దుకాణంలో పనికి చేరింది. గీతలు పడిన వీల్స్, గుంతల్లో పడి అంచు వంగినవి, రంగు పొక్కులు లేచినవి అక్కడికి వస్తాయి. టైరు విప్పి, మందు రాసి పాత రంగు ఊడదీయడం, వాటర్ పేపరుతో నున్నగా రుద్దడం ఆమె పని. వంపులు తీయడం, వెల్డింగ్, రంగు కొట్టడం ఖైసర్ పని. గాజులరామారం నుంచి వచ్చేవాడు, సిల్వర్ రంగు కొట్టడంలో అతని చేతికి తిరుగులేదు.

చేరిన వారంలోనే సిద్దమ్మ ఒక పని మొదలుపెట్టింది. రంగు తీసేసిన వీల్‌ను గొలుసుకు వేలాడదీసి, ఇంట్లో మూలన పడి ఉన్న పచ్చి కుండను కొట్టి సాగదీసే చెక్కతో తట్టి చూసేది. వీల్ గుడిగంటలా చాలాసేపు మోగేది. మోగకపోతే ఎక్కడో పగులుంది. మొదట శేఖర్ నవ్వాడు. ఆమె మోగలేదన్న చోటల్లా గీకి చూస్తే పగులు బయటపడే సరికి నవ్వు మానేశాడు. ఆ తర్వాత గిరాకీల ముందు "మా సిద్దమ్మ చెవి మెషీన్‌కంటే నయం" అని గొప్పలు చెప్పుకునేవాడు. అంచున పగులైతే ఖైసర్ వెల్డింగ్ పెడతాడు, ఆమె మళ్లీ తట్టి చూస్తుంది. నడుమ బోల్టుల దగ్గరో, నడుమ నుంచి అంచుకు పోయే పుల్ల మొదట్లోనో పగిలితే ఇక అది వీల్ కాదు, బండి బరువంతా అక్కడే కదా నిలిచేది. అలాంటిదాన్ని సమ్మెటతో పగలగొట్టి పాత సామానులో వేయాలి. ఈ కట్టడి సిద్దమ్మ పెట్టింది. శేఖర్ మూడేళ్లు ఒప్పుకున్నాడు. నాలుగో ఏడు కొంపల్లి వైపు ఇంకో రెండు దుకాణాలు లేచాయి. దాంతో ఏ గిరాకీనీ తిప్పి పంపే ధైర్యం అతనికి పోయింది.

అలాంటి రోజుల్లో, రెండువేల ఆరు వానాకాలంలో, ఒక గురువారం బాలరాజు నాలుగు వీల్స్ ఆటోలో వేసుకొచ్చాడు. లేఅవుటు వాళ్లకు రెండెకరాలు అమ్మి సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాడు. వీల్స్ మాసిపోయి ఉన్నాయి, అద్దంలా కావాలన్నాడు. ఆదివారం కుటుంబంతో కొమురెల్లి మల్లన్నకు పోతున్నారట. అప్పటిదాకా మెకానిక్ దగ్గర అడిగి తెచ్చిన నల్ల ఇనుప వీల్స్ మీద బండి నడుపుతున్నాడు. సిద్దమ్మను చూసి నవ్వి, "మా ఆమెనే పంపింది చెల్లె. ఆడ మా వదిన ఉన్నది, గామె చెయ్యివడితే ఫికర్ లేదన్నది" అన్నాడు.

వినోద తనను నమ్మి పంపింది. నమ్మడానికి లోకంలో ఇంకెవరూ దొరకలేదా ఆ పిల్లకు అని లోపల్లోపల తిట్టుకుంది. ఎవరిని తిట్టిందో ఆమెకే తెలియాలి.

సాయంత్రానికి నాలుగింటి రంగూ ఊడదీసి గొలుసుకు వేలాడదీసింది. మూడు ఖంగుమని మోగాయి. నాలుగోది మోగలేదు. ఎక్కడ తట్టినా అదే బొంగురు. వెనక వైపు గీకితే ఎవరో అంతకు ముందే పెట్టిన లప్పం పెచ్చులుగా రాలింది. దాని కింద బోల్టు రంధ్రం నుంచి పుల్ల మొదటిదాకా నల్లటి గీత. పాత పగులు. ఆ కారును బాలరాజుకు అమ్మినవాడు దాన్ని దాచి అమ్మాడు. పైన పటారం, లోన లొటారం.

సిద్దమ్మ సుద్దముక్కతో దాని మీద అడ్డగీతలు కొట్టి శేఖర్‌ను పిలిచింది. శేఖర్ వంగి చూశాడు. అతనికి అర్థమైందని అతని ముఖమే చెప్పింది. అయినా లేచి నిలబడి, ఖైసర్‌తో వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందన్నాడు. బోల్టు దగ్గర పగిలితే వెల్డింగ్ నిలవదని నువ్వే కదా చెప్పింది అని ఆమె నిలదీసింది. సిటీలో సగం కార్లు ఇలాగే తిరుగుతున్నాయి, ఏమీ కావడం లేదన్నాడు. శనివారం బాలరాజు వస్తే నేనే చెబుతానని ఆమె అన్నది. చెప్పు, చెప్పు అని శేఖర్ లోపలికి పోయాడు. మరీ తేలిగ్గా ఒప్పుకున్నాడని ఆమెకు తట్టలేదు.

శుక్రవారం గౌరయ్యకు జ్వరం, ఆమె పనికి పోలేదు. శనివారం వెళ్లేసరికి రంగు ఆరబెట్టే హీటర్ల గది బయట నాలుగు వీల్సూ వరుసగా తళతళలాడుతున్నాయి. ఏది ఏదో తెలియనంత బాగా మెరుస్తున్నాయి. సిద్దమ్మ ఖైసర్ వైపు చూసింది. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే అతను మొదలుపెట్టాడు.

"నేనేం జెయ్యాలె అక్కా. సేఠ్ పెట్టుమన్నడు, పెట్టిన. మీదమీద పెట్టిన. నాకూ నిద్రవట్టలే, కసమ్‌సే."

"నిద్రవట్టలేదని వినోద పిల్లకు చెప్తవా రేపు?"

అతను తల దించుకున్నాడు. సిద్దమ్మ వీల్స్‌ను ఒక్కొక్కటిగా గొలుసుకు ఎక్కించి తట్టింది. మూడోది బొంగురుపోయింది. దించి ఒళ్లో పెట్టుకుని చూసింది. సిల్వర్ ఎక్కడా జారలేదు, పైన క్లియర్ కోటు నీళ్లలా పరుచుకుంది, పగులున్న చోట వేలు పెట్టి చూసినా గరుకు తగల్లేదు. ఖైసర్ తన జన్మలో అంత బాగా రంగు కొట్టి ఉండడు. అది చూస్తుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ పనితనం ఆమెకు తెలుసు. సున్నం మీద జాజు పట్టెలు వేసిన రాత్రి ఆమె చేతికీ ఇంతే వచ్చింది.

పదకొండు గంటలకు బాలరాజు వచ్చాడు. కారును దుకాణం ముందు ఆపాడు. వెనక సీట్లో వినోద, పక్కన పదేళ్ల కూతురు తేజస్వి. వీల్స్ బిగించుకుని అటునుంచి అటే మేడ్చల్‌లో బట్టలు కొనుక్కుని పోదామని వచ్చారు. బాలరాజు వీల్స్‌ను చూసి మురిసిపోయాడు. టైర్లు ఎక్కించమని శేఖర్ కేకేశాడు. సిద్దమ్మ ఆ బొంగురు వీల్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"గీ ఒక్కటి ఎక్కియ్యద్దు బాలరాజన్నా. నడుమ పగిలున్నది. మీదికెల్లి వెల్డింగ్ పెట్టి, గీకి, రంగేసిన్రు."

శేఖర్ నవ్వుతూ అడ్డం వచ్చాడు. మా సిద్దమ్మకు అన్నీ కుండల్లాగే కనబడతాయి అన్నాడు. ఆమె వీల్స్ వేలాడదీసి ఒకదాని తర్వాత ఒకటి తట్టింది. హైవే మీద లారీలు పోతున్నాయి. ఆ మోతలో బాలరాజుకు ఏం తేడా వినపడుతుంది? పగులు పలుకు ఎరగని చెవి అతనిది. అన్నీ ఒక్క తీరుగనే మోగినయి కద చెల్లె అన్నాడు. శేఖర్ ఖైసర్‌కు సైగ చేశాడు. ఖైసర్ కదల్లేదు. శేఖరే వచ్చి వీల్‌ను ఆమె చేతిలోంచి లాక్కోబోయాడు.

అంతవరకు ఆమె మంచిగానే చెప్పింది, అది మరచిపోవద్దు. ఇక సమ్మెట తీసుకుంది. వీల్‌ను సిమెంటు గచ్చు మీద బోర్లా పడేసి, నడుమకు ఒక్కటి వేసింది. రెండో దెబ్బకు వెండి రంగు పెళ్లగా లేచింది. మూడో దెబ్బకు బోల్టు రంధ్రం దగ్గరి నుంచి పుల్ల విరిగి, వీల్ నోరు తెరిచింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఆమె విరిగిన ముక్కను తీసి బాలరాజు ముఖం ముందు పెట్టింది. విరిగిన చోట లోపలంతా మట్టి పట్టి నల్లగా ఉంది. పైన గోరంత మందాన మాత్రం కొత్త వెల్డింగ్ మెరుస్తోంది. పగులు ఎన్నాళ్లదో, దాని మీద మూత ఎంత పల్చనిదో చిన్న పిల్లకైనా తెలుస్తుంది.

శేఖర్ అరుస్తున్నాడు. రేపటి నుంచి పనికి రావద్దంటున్నాడు, పోలీసులంటున్నాడు. ఎవరూ వినడం లేదు. బాలరాజు ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. రేపు కొమురెల్లి రోడ్డు మీద ఏమయ్యేదో అతని కళ్లకు కట్టినట్టుంది. అలాంటప్పుడు మనిషి ఏం చేయాలి? బండి అమ్మినవాణ్ని తిట్టాలి. ఎదురుగా ఉన్న శేఖర్ కాలరు పట్టుకోవాలి. బాలరాజు ఆ రెండూ చేయలేదు. కారు వైపు తిరిగి, కిటికీలోంచి చూస్తున్న భార్యతో, కోపంగా కూడా కాదు, అలవాటుగా అన్నాడు.

"సూసినవా? పెండ్లినాడు కుండ, ఇయ్యాల వీల్. నీ అడుగు గట్లున్నది మరి."

వినోద తల పక్కకు తిప్పుకున్నది. పక్కనున్న పిల్ల తల్లి ముఖంలోకి చూసి, తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నది.

ప్రాణాలు కాపాడాననుకున్నది సిద్దమ్మ. తీరా చూస్తే అదే సమ్మెటతో వినోద నెత్తిన ఇంకొకటి మోపింది. వీల్ పగులూ వినోదదే అయింది. రేపు రాధమ్మకు చేరుతుంది, ఎల్లుండి ఊరికి చేరుతుంది, ఇంకో పన్నెండేళ్లు నడుస్తుంది. ఆ తర్వాత ఆ పిల్ల అడుగు దాకా పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఊరుకున్నది. పడనీ అనుకున్నది.

సమ్మెట కింద పడేసి కారు దగ్గరికి నడిచింది. బాలరాజుతోనే మొదలుపెట్టింది గానీ కళ్లు వినోద మీదే ఉన్నాయి.

"గా కుండ పగిలింది గామె అడుగు మంచిగ లేక కాదు. అది ఆవంలనే పగిలింది. నాకు ఎరుకే. తట్టి చూసిన, మోగలే. నేనే లక్క వోసిన, నేనే సున్నం గొట్టిన, రంగులేసి మీ నెత్తికెత్తిన. ఇగో, గీ శేఖర్ ఇయ్యాల ఏం జేసిండో, గప్పుడు నేను గదే జేసిన. పగులు మీద రంగేసుడు నాకు తెల్వకపోతే గీ వీల్ సంగతి నాకెట్ల తెలుస్తది?"

శేఖర్ అరుపు మధ్యలో ఆగిపోయింది. ఖైసర్ చేతిలోని గుడ్డను మెలి తిప్పుతూ నిలబడ్డాడు. బాలరాజు చేతిలోని ముక్క వైపు చూశాడు. పన్నెండేళ్లుగా పూటకోసారి విసిరిన రాయి తనది కాదని ఎవరో చెప్పినట్టుంది అతనికి. ఆ రాయిని ఇక ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కారు తలుపు తెరుచుకుంది. వినోద దిగింది. సిద్దమ్మ కంటే ఒక పిడికెడు పొట్టి, ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఏడుస్తుందేమో, కొడుతుందేమో అని సిద్దమ్మ ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకున్నది. వినోద కొట్టలేదు.

"బస్సు ఆపి మరీ తిట్టే నోరు కద వదినా నీది. రోడ్డుకు అడ్డం నిలవడితివి, దుమ్ము వడ్డదని. నా కోసం ఒక్కసారి తెరవనీకె రాకపాయెనా?"

సిద్దమ్మ కారు తలుపు అంచు పట్టుకుని నిలబడింది.

"కార్ల కూసో" అన్నది వినోద. "నాకు చెప్తే అయిపోదు. మా అత్త ముందట చెప్పాలె."

సిద్దమ్మ చేతులైనా కడుక్కోలేదు. ఎక్కి కూర్చుంది. మంచి వీల్స్ మూడింటినీ ఖైసర్, ఎవరూ చెప్పకుండానే, తెచ్చి డిక్కీలో పెట్టాడు. వద్దని శేఖర్ అనలేదు. బట్టల దుకాణం ఊసు ఎవరూ ఎత్తలేదు. కారు ఆ నల్ల ఇనుప వీల్స్ మీదే మేడ్చల్ దాటి శామీర్‌పేట రోడ్డెక్కింది. ముందు బాలరాజు ఒక్కడే, వెనక ముగ్గురు ఆడవాళ్లు. నడుమ కూర్చున్న తేజస్వి, సిద్దమ్మ వేళ్ల సందుల్లో ఇరుక్కున్న వెండి పొడిని చూస్తూ ఉంది. రోడ్డు పక్కన చేన్లలో లేఅవుటు రాళ్లు తెల్లగా వరుసలు కట్టి ఉన్నాయి. సిద్దమ్మకు భయం వేసింది. శేఖర్ ముందు వేయని భయం అది.

లాల్‌గడి మలక్‌పేటలో రాధమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని గోంగూర తెంపుతోంది. మొగుణ్ని పోగొట్టుకున్నా పెత్తనం పోగొట్టుకోలేదు. సిద్దమ్మ ఆమె ముందు నిలబడి, జరిగింది జరిగినట్టు, మెల్లగా చెప్పింది. లక్క సంగతి, సున్నం సంగతి, మోగకపోయిన సంగతి. రాధమ్మ చేతిలో గోంగూర కాడ అలాగే ఆగిపోయింది. విన్నదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ ఆమె తల ఎత్తలేదు, మళ్లీ ఆకు తెంపడం మొదలుపెట్టింది.

వినోద గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"అత్తకు ఇనపడ్తలేదు వదినా. జర గట్టిగ చెప్పు."

రాధమ్మకు నాలుగిళ్ల అవతల గొళ్లెం తీసినా వినపడుతుందని ఆ వీధిలో ప్రతి ఒక్కరికీ తెలుసు. సిద్దమ్మకూ తెలుసు. వినోద ఎవరికి వినిపించమంటోందో ఆమెకు అర్థమైంది. రెండోసారి గొంతు పెంచి చెప్పింది. పక్కింటి గోడ మీద రెండు తలలు లేచాయి. ఎదురింటి కమలాబాయి చేట పట్టుకుని గడప దాటింది.

"ఇంకా ఇనపడ్తలేదు" అన్నది వినోద.

మూడోసారి సిద్దమ్మ బస్సును ఆపిన గొంతుతో చెప్పింది. పగిలిన కుండ తనదని, రంగు తనదని, పాపం తనదని, వినోద అడుగుకు దానితో ఏ సంబంధమూ లేదని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. ఆ ఏడుపు కూడా తిట్టినట్టే ఉంది.

రాధమ్మ అప్పుడు ఆకులన్నీ చేటలో పడేసి, తప్పంతా తీర్చేసినదానిలా నిట్టూర్చింది. "గా ముచ్చట గప్పుడే చెప్తే, నేనెందుకంటుంటి ఈ పిల్లను" అన్నది.

సిద్దమ్మ తల దించుకుంది. నిజమే కదా అనుకున్నది. కానీ వినోద గుమ్మం దిగి వాకిట్లోకి వచ్చింది.

"కుండ కాకపోతే ఇంకోటి దొరకబట్టకపోదువా అత్తా? బోరు ఎండింది కుండ వల్ల కాదని నీకు ఎరుక లేదా? నీ కొడుక్కు ఎరుక లేదా?"

బాలరాజు కారు పక్కనే నిలబడి తాళం చెవిని వేలికి తిప్పుకుంటున్నాడు. తిప్పడం ఆపాడు. వినోద అతని వైపు ఒకసారి చూసి, సిద్దమ్మ వైపు తిరిగింది. కూర్చోమనలేదు, నీళ్లు ఇవ్వలేదు, క్షమించానని చెప్పలేదు.

"నువ్వు చెప్పేది అయిపోయింది వదినా. ఇగ నువ్వు పో. నేను చెప్పేది ఉన్నది."

సిద్దమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని రోడ్డు వైపు నడిచింది. వెనక వినోద గొంతు మొదలైంది. ముందు వణికింది, తర్వాత నిలదొక్కుకుంది. తన పెళ్లి నుంచి మొదలుపెట్టి, ఏ ఏడు ఏ మాట ఎవరు అన్నారో వరుసగా చెబుతోంది. ఆ వీధి ఆ గొంతును అంత గట్టిగా ఎన్నడూ విని ఎరగదు. సిద్దమ్మ బస్సాగే చోటికి చేరేదాకా అది వినపడుతూనే ఉంది.